‘బ్రాడ్‌కాస్ట్’ అనాలా, ‘బ్రాడ్‌కాస్టెడ్’ అనాలా? యూరియాని ఎలా బ్రాడ్‌కాస్ట్ చేస్తారు?

చిలకపలుకు అడిగారు:

అందరికీ నమస్కారం. పాత రేడియో టేపుల్ని కంప్యూటర్లోకి ఎక్కించే పనిలో ఉన్నాను. టేపు విని, అందులో ఏముందో ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి జాబితాలో చేర్చడం నా వంతు. నాటకాలు, ప్రసంగాలు, పంటల సలహాలు, పిల్లల కార్యక్రమాలు, వీటితోపాటు కొన్ని టీవీ కార్యక్రమాల ఆడియో కూడా. వినడం హాయిగానే ఉంది. రాసేటప్పుడే ఒక్క మాట దగ్గర రోజూ పేచీ.

నేను ‘ఫస్ట్ బ్రాడ్‌కాస్ట్ ఆన్’ అని రాసి తేదీ వేస్తాను. పక్క సీటు ఆవిడ దాన్ని ‘బ్రాడ్‌కాస్టెడ్’ చేస్తుంది. నేను మళ్లీ చివరి ఈడీ అక్షరాలు పీకేస్తాను. ‘అయిపోయిన సంగతి కదా, ఈడీ లేకపోతే ఎలా?’ అని ఆవిడ. ‘ఓటు వేశాడు అనడానికి కాస్టెడ్ అంటామా?’ అని నేను. స్పెల్‌చెకర్ రెండింటినీ ఏమీ అనదు. నిఘంటువు తెరిస్తే అక్కడా రెండూ ఉన్నాయి.

ఇదొక్కటే అయితే మీదాకా తెచ్చేవాణ్ణి కాదు. టీవీ కార్యక్రమాలకు నేను ‘టెలికాస్ట్’ అని రాస్తే, జాబితాని ఆఖర్న సరిచూసే పెద్దాయన ప్రతిచోటా కొట్టేసి ‘బ్రాడ్‌కాస్ట్’ పెడుతున్నారు. కొన్నిచోట్ల ఆ బ్రాడ్‌కాస్ట్‌నీ కొట్టేసి ‘ఎయిర్డ్’ అంటున్నారు. ఎక్కడ ఏది పెడతారో అంతు చిక్కడం లేదు. ఆయన తీరిగ్గా కూర్చుని వివరించే రకం కాదు.

అసలు తమాషా ఇది. పంటల సలహాల టేపు డబ్బాలో ఒక ఇంగ్లీషు కాగితం దొరికింది. అందులో ‘బ్రాడ్‌కాస్ట్ ద సీడ్ ఈవెన్లీ’ అని ఉంది. అచ్చుతప్పు అనుకుందామా అంటే కింద పేరాలో యూరియాని కూడా బ్రాడ్‌కాస్ట్ చేయమంటోంది. యూరియాకి రేడియోలో ఏం పని?

తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి. ‘రెండూ కరెక్టే’ అని మాత్రం అనకండి. దానివల్ల మా పేచీ తీరదు.

రెండోబెల్లు:

ఈడీ లేకుండా రాసెయ్యండి. రెండూ కరెక్టే అనొద్దన్నారు కాబట్టి అనడం లేదు.

పాతమైకు:

చిలకపలుకు గారూ, మీ ప్రశ్న చూసి పడుకోబోయేవాణ్ణి లేచి కూర్చున్నాను. నేను ఉద్యోగమంతా స్టూడియో ఎర్రదీపం కింద చేసినవాణ్ణి. తెలుగులో చదవడం ఒక ఎత్తు, ఇంగ్లీషులో లాగ్‌బుక్ నింపడం ఒక ఎత్తు. కాబట్టి ఈ మాటతో నాకు పాత పరిచయం. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు యూరియా సంగతి. మీ కాగితంలో తప్పేమీ లేదు. ఈ మాట పుట్టింది పొలంలోనే. రేడియోలోకి ఆ తర్వాతెప్పుడో వచ్చింది. బ్రాడ్ అంటే విశాలంగా, కాస్ట్ అంటే విసరడం. చాళ్లలో వేయకుండా, గుప్పెట్లోకి గింజలు తీసుకుని, నడుస్తూ చెయ్యి ఊపి పొలమంతా చల్లడాన్ని 18వ శతాబ్దపు ఇంగ్లీషులో ఇలా అన్నారు. మొదట్లో అది క్రియ కూడా కాదు. ‘సో ద సీడ్ బ్రాడ్‌కాస్ట్’ అనేవాళ్లు, అంటే ‘గింజల్ని వెదజల్లి విత్తు’ అని. జెత్రో టల్ అనే ఇంగ్లీషాయన 1701 ప్రాంతంలో గుర్రం లాగే విత్తన గొర్రు తయారుచేశాడు. వరుసల్లో విత్తే ఆ పద్ధతిని డ్రిల్లింగ్ అన్నారు, వరుసలు లేకుండా చల్లే పాత పద్ధతి బ్రాడ్‌కాస్టింగ్. ఇప్పటికీ వ్యవసాయం చదివేవాళ్లకి ఇవి రెండూ పాఠంలో పక్కపక్కనే ఉంటాయి.

మన ‘వెదజల్లడం’ చూడండి. వెద అంటే విత్తనం, విత్తడం. మనమూ ఆ మాటని పొలం దాటించాం, కానీ పూల వైపు తీసుకెళ్లాం. మల్లె పరిమళం వెదజల్లుతుంది అంటాం. ఇంగ్లీషువాళ్లు తమ మాటని తీసుకెళ్లి రేడియో స్తంభానికి కట్టారు. మనం రేడియోకి సంస్కృతం నుంచి ‘ప్రసారం’ తెచ్చుకున్నాం. నాకడిగితే వెదజల్లడమే బాగుండేది, కానీ ‘ఇంతటితో ఈనాటి వెదజల్లడం సమాప్తం’ అని మైకు ముందు చదవాలంటే నవ్వాగేది కాదు.

ఇప్పుడు గాలిలోకి వద్దాం. మార్కోనీ రోజుల్లో వైర్‌లెస్ అంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబురు పంపడం. ఓడ నుంచి ఒడ్డుకి, ఒడ్డు నుంచి ఓడకి. మధ్యలో మూడోవాడు వినగలగడం అప్పటివాళ్లకి ఒక లోపం, రహస్యం నిలవదు కదా. 1920 నవంబరు 2న పిట్స్‌బర్గ్‌లోని కేడీకేఏ కేంద్రం అమెరికా అధ్యక్ష ఎన్నికల ఫలితాలు చదివింది. ఎవరు వింటున్నారో, ఎందరు వింటున్నారో చదివినవాడికి తెలియదు. అంతకుముందు లోపం అనుకున్నదే ఇక్కడ ప్రయోజనం అయింది. రెండేళ్లు తిరక్కుండా, 1922 అక్టోబరులో, లండన్‌లో పెట్టిన కంపెనీ పేరులోనే బ్రాడ్‌కాస్టింగ్ చేరిపోయింది. అదే బీబీసీ. అప్పటికి దాని చివరి అక్షరం కంపెనీకి గుర్తు, కార్పొరేషన్ అయింది 1927 జనవరి 1న.

ఇదంతా చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. ఈ మాట ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నది ఆ గుప్పెట్లోనే ఉంది. చల్లేవాడు ఏ గింజ ఎక్కడ పడాలో ఎంచడు. పంపేవాడికి అందుకునేవాడు ఫలానా అని తెలియకపోతే, తెలియాల్సిన అవసరం లేకపోతే, అది బ్రాడ్‌కాస్ట్. కంట్రోల్ రూము నుంచి అంబులెన్సు డ్రైవరుకి వైర్‌లెస్‌లో చెప్పినది ‘ట్రాన్స్‌మిట్’ అవుతుంది కానీ బ్రాడ్‌కాస్ట్ అవదు. అదే మాట ఊళ్లో రేడియోలన్నిటికీ వెళ్తే బ్రాడ్‌కాస్ట్. ట్రాన్స్‌మిట్ అంటే పంపడం, అంతే. రోగం కూడా ఒకరి నుంచి ఒకరికి ట్రాన్స్‌మిట్ అవుతుంది. తెలుగులో రెండింటికీ ప్రసారం అనేస్తాం కాబట్టి మనకి ఈ తేడా పట్టుబడదు.

మీ ఈడీ పేచీ. కాస్ట్ అనే క్రియకి మూడు కాలాల్లోనూ ఒకటే రూపం. దాంతో తయారైన బ్రాడ్‌కాస్ట్, ఫోర్‌కాస్ట్ కూడా ఆ దారినే పోతాయి. అయితే పక్క సీటు ఆవిడని తీసిపారేయకండి. ఆవిడ వైపు కూడా ఒక మంచి వాదన ఉంది. చెప్పాను కదా, ఈ మాట క్రియ అవకముందు విశేషణంగా, క్రియావిశేషణంగా ఉండేది. అలాంటి మాటని క్రియ చేసినప్పుడు ఈడీ తగిలించడమే ఇంగ్లీషు అలవాటు. రేడియో తొలి రోజుల్లో బ్రాడ్‌కాస్టెడ్ అన్నవాళ్లు లేకపోలేదు, నిఘంటువుల్లో అది ఇంకా ఉన్నది అందుకే. కానీ పత్రికల్లో, ప్రసార సంస్థల కాగితాల్లో, గ్రంథాలయాల జాబితాల్లో ఈడీ లేని రూపమే స్థిరపడింది. మీది జాబితా. ‘ఫస్ట్ బ్రాడ్‌కాస్ట్’ అనే రాయండి.

ఈడీ లేకపోతే ఇబ్బంది వచ్చే చోటు ఒకటుంది. ‘దే బ్రాడ్‌కాస్ట్ ద న్యూస్ ఎట్ సెవెన్’ అంటే రోజూ వేస్తారనా, నిన్న వేశారనా? వాక్యం చెప్పదు. ‘షీ బ్రాడ్‌కాస్ట్’ అంటే మాత్రం ఎస్ లేదు కాబట్టి అయిపోయిన సంగతే. మీరు తేదీ వేస్తున్నారు, మీకా చిక్కు లేదు.

ఇక ఆ పెద్దాయన దిద్దుబాట్లు. ఆయన చాదస్తుడు కాదు, పని తెలిసినవాడు. ‘టెలికాస్ట్’ అంటే టెలివిజన్‌నీ బ్రాడ్‌కాస్ట్‌నీ అతికించిన మాట. మన పత్రికల ఇంగ్లీషులో దండిగా కనిపిస్తుంది. బ్రిటిష్ పాఠకుడికి మాత్రం అది పెద్దగా తగలదు, అమెరికాలో ఎక్కువగా ఆటల టీవీ ప్రసారాల దగ్గర వాడతారు. తప్పు మాట కాదు. కానీ రేడియోకి ఒకటి, టీవీకి ఒకటి అని జాబితాలో రెండు మాటలు పెట్టుకుంటే రేపు వెతికేవాడు రెండింటితోనూ వెతకాలి. బ్రాడ్‌కాస్ట్ రెండింటికీ చాలుతుంది.

‘ఎయిర్డ్’ ఎక్కడ పెడుతున్నారో ఒకసారి వరుసగా చూడండి. నా అంచనా ఏమిటంటే, మీరు ‘వాజ్’ వదిలేసిన చోట. ‘ద ప్లే ఎయిర్డ్ ఆన్ సండే’ అనొచ్చు. నాటకమే కర్త, తనంతట తాను గాలిలోకి ఎక్కినట్టు. ‘ద ప్లే బ్రాడ్‌కాస్ట్ ఆన్ సండే’ అంటే మాత్రం వాక్యం కుంటుతుంది. నాటకం బ్రాడ్‌కాస్ట్ చేయదు, నాటకాన్ని ఎవరో చేస్తారు. ‘వాజ్ బ్రాడ్‌కాస్ట్’ అనాలి.

ఎయిర్ అన్నారు కాబట్టి ఒక్క మాట. మా లోకంలో అన్నిటికన్నా భయంకరమైన పదం ‘డెడ్ ఎయిర్’. మైకు తెరిచి ఉంది, మాట లేదు, పాట లేదు. వినేవాడికి రెండు క్షణాలు, లోపలున్నవాడికి ఒక యుగం. టేపు తెగిందో, చదివేవాడి కాగితం జారిందో. మీ టేపుల్లో అలాంటి ఖాళీలు తగిలితే కత్తిరించకండి దయచేసి, అవీ చరిత్రే.

చివరిగా ‘ఇన్’, ‘ఆన్’ సంగతి, అడక్కపోయినా చెప్తున్నాను. మనం రేడియోలో, టీవీలో అంటాం కాబట్టి చెయ్యి ఇన్ వైపు లాగుతుంది. ఇంగ్లీషులో ఆన్ రేడియో, ఆన్ టెలివిజన్, ఆన్ ఫలానా ఛానెల్. బయల్దేరిన చోటికి ఫ్రమ్. వినేవాళ్లకి టు. భాష పేరు దగ్గర మాత్రం మన ‘లో’ నిలబడుతుంది: బ్రాడ్‌కాస్ట్ ఇన్ తెలుగు.

ప్యాకెట్‌పోస్ట్:

పాతమైకు గారి గుప్పెడు గింజల లెక్క మా నెట్‌వర్క్ వాళ్లకీ అచ్చంగా సరిపోతుంది. మా దగ్గర ఇది అలంకారం కాదు, ఇంజనీరింగ్ మాట.

మీ కంప్యూటర్ పక్కనున్న ప్రింటర్‌తో మాట్లాడాలి. దాని ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దానికిచ్చిన నంబరు) తెలుసు, హార్డ్‌వేర్ అడ్రస్ (ఆ పరికరానికి ఉండే సొంత నంబరు) తెలియదు. అప్పుడు లోకల్ నెట్‌వర్క్‌లో ఉన్న అందరికీ వినపడేలా ఒక ప్రశ్న వదులుతుంది: ‘ఈ ఐపీ ఎవరిది?’ అని. దీన్ని ఏఆర్‌పీ అంటారు. ఈ ప్రశ్న వెళ్లేది బ్రాడ్‌కాస్ట్‌గా. అందరికీ చేరుతుంది, కావలసినవాడొక్కడే జవాబిస్తాడు. ఆ జవాబు మాత్రం నేరుగా అడిగినవాడికే, అది యూనికాస్ట్. కోరుకుని చేరినవాళ్ల గుంపుకి మాత్రమే పంపితే మల్టీకాస్ట్. ఐపీ పాత వెర్షన్‌లో 255.255.255.255 అనే చిరునామా అచ్చంగా ‘ఇక్కడున్న అందరికీ’ అని అర్థం వచ్చేదే. కొత్తదైన ఐపీవీ6లో బ్రాడ్‌కాస్ట్‌నే ఎత్తేశారు, ఆ పని మల్టీకాస్ట్‌తో కానిస్తారు. సంబంధం లేనివాళ్లందరినీ తట్టి లేపడం దండగ అని.

కేబుల్ పొరపాటున చుట్టు తిరిగి కలిస్తే ఈ ‘అందరికీ’ సందేశాలు తిరిగి తిరిగి పెరిగిపోయి నెట్‌వర్క్ కూలబడుతుంది. దాన్ని బ్రాడ్‌కాస్ట్ స్టార్మ్ అంటాం.

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ అని ఉంటుంది చూడండి, పాతమైకు గారి లెక్కలో అది తప్పు పేరు. అక్కడ పంపేవాడు పేర్లు ఒక్కొక్కటీ ఎంచుకుని టిక్ పెడతాడు. పైగా మన నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకున్నవాడికి అది మామూలు విడి మెసేజ్‌లాగే కనిపిస్తుంది. ఇందులో వెదజల్లింది ఏముంది?

దుక్కిటెద్దు:

యూరియా గురించి చిన్న చేర్పు. విత్తనమే కాదు, పొడిగా ఉన్న ఎరువు ఏదైనా పొలమంతా సమంగా చల్లితే బ్రాడ్‌కాస్టింగ్ అంటారు. మొక్క వరుస పక్కన గీతలా వేస్తే బ్యాండ్ ప్లేస్‌మెంట్. పైరు లేచాక పైపాటుగా వేసేది టాప్ డ్రెస్సింగ్. అది ఎరువు వేసే అదను గురించి చెప్పే మాట, బ్రాడ్‌కాస్టింగ్ ఎలా వేయాలో చెప్పే మాట. కాబట్టి ‘టాప్ డ్రెస్ బై బ్రాడ్‌కాస్టింగ్’ అని మీ కాగితంలో తగిలినా కంగారు పడకండి. చల్లడంలో గింజ ఎక్కువ పడుతుంది, ఒకచోట ఒత్తుగా, ఒకచోట పలచగా వస్తుంది, కలుపు తీయడం కష్టం. ‘ఈవెన్లీ’ అని నొక్కి రాసింది అందుకే.

ఇంకోవైపు:

పాతమైకు గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఈడీ విషయంలో అంత గట్టిగా ఉండక్కర్లేదు. నిఘంటువు ఒప్పుకున్నాక మనమెవరం? ‘పాడ్‌కాస్టెడ్’ అని ఇప్పుడు ఎందరో రాస్తున్నారు. వాళ్లందరూ తప్పేనా? ఇంకో నలభై ఏళ్లకి బ్రాడ్‌కాస్టెడ్ అనడమే మామూలు కావచ్చు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ మాటకి ఇంట్లో వాడే అర్థం ఒకటుంది. ‘డోంట్ బ్రాడ్‌కాస్ట్ ఇట్’ అంటే రేడియోలో వేయొద్దని కాదు, ఊరంతా టముకు వేయకు అని. ఇది కాస్త విసుగుతో, మందలింపుగా అనే మాట. శుభవార్త అందరికీ చెప్పమనే సందర్భంలో సాధారణంగా అతకదు. ‘ప్లీజ్ బ్రాడ్‌కాస్ట్ మై వెడ్డింగ్’ అని ఒక ఇంగ్లీషు ఉత్తరంలో చదివాను, అందరికీ తెలియజేయండి అనే ఉద్దేశంతో. చదివినవాళ్లకి పెళ్లి లైవ్‌లో వేయమన్నట్టు తోస్తుంది.

చిలకపలుకు:

అందరికీ ధన్యవాదాలు. పాతమైకు గారూ, జాబితా తిరగేసి చూశాను. ఎయిర్డ్ పెట్టిన చోట్లలో చాలావరకు మీరన్నట్టే, నేను వాజ్ లేకుండా రాసినవి. మిగతావి ధారావాహికల ఎపిసోడ్లు, అక్కడ వాజ్ ఉన్నా ఎయిర్డే పెట్టారు. పక్క సీటు ఆవిడకి మీ జవాబు చూపించాను. ‘నా వాదన కూడా ఉందన్నాడు కదా’ అంది, ఆ ఒక్క ముక్కే పట్టుకుని. అయినా ఈడీ పెట్టడం మానేసింది.

ఇంకో రెండు చిక్కులు. ఈ టేపుల్లో కొన్నిటిని మా వాళ్లు యూట్యూబ్‌లో పెడుతున్నారు. ఎప్పుడూ రేడియోలో రాని రికార్డింగులు కూడా వాటిలో ఉన్నాయి. వాటికి ‘ఫస్ట్ బ్రాడ్‌కాస్ట్’ కింద యూట్యూబ్ తేదీ వేయొచ్చా?

రెండోది, కొన్ని టేపుల అట్టల మీద ‘లైవ్’ అని ఉంది. తేదీలు మాత్రం రెండున్నాయి, రెండూ వేరు. లైవ్ అయితే రెండు తేదీలెందుకు? ‘రిలే’ అని కూడా కొన్నిటిమీద ఉంది. అది పునఃప్రసారమేనా?

పాతమైకు:

ఇంకోవైపు గారూ, తప్పని నేననలేదు, జాబితాకి నప్పదన్నాను. నలభై ఏళ్ల తర్వాత ఏమవుతుందో అప్పటివాళ్లు చూసుకుంటారు. టముకు అర్థం బాగా గుర్తుచేశారు. ప్యాకెట్‌పోస్ట్ గారి ఏఆర్‌పీ విని ముచ్చటేసింది.

ఎపిసోడ్ల దగ్గర ఎయిర్డ్ వాడడం అమెరికన్ అలవాటు, సీరియళ్ల జాబితాలన్నిటా అదే కనిపిస్తుంది. ఆ పెద్దాయనకి అలా చెయ్యి అలవాటై ఉంటుంది. ఒకే జాబితాలో రెండు పద్ధతులెందుకని మీరు అడగొచ్చు. ఈసారి న్యాయం మీ వైపుంది.

యూట్యూబ్ తేదీని ఆ గడిలో వేయకండి. ఫైలు అక్కడ పడి ఉంటుంది, ఎవడికి కావాలంటే వాడు నొక్కితే వాడి కోసం విడిగా బయల్దేరుతుంది. ఏ కంప్యూటర్‌కి పంపుతోందో సర్వర్‌కి తెలుసు, ప్రతివాడికీ వేరే ధార. అది ‘స్ట్రీమ్’. బ్రాడ్‌కాస్ట్‌లో గడియారం పంపేవాడి చేతిలో ఉంటుంది. ఏడింటికి వార్తలంటే ఏడింటికే, మీరు ఆలస్యమైతే పోయినట్టే. ‘ఫస్ట్ పబ్లిష్డ్ ఆన్‌లైన్’ అనో, ‘రిలీజ్డ్ ఆన్‌లైన్’ అనో ఇంకో గడి పెట్టుకోండి. ఇంటర్నెట్‌లోనే ఒక సమయం చెప్పి అందరికీ ఒకేసారి వేస్తే ‘వెబ్‌కాస్ట్’ అనొచ్చు, ‘లైవ్ స్ట్రీమ్’ అన్నా సరే.

‘పాడ్‌కాస్ట్’ పేరు కథ కూడా చెప్పేస్తాను. 2004 ఫిబ్రవరిలో బెన్ హామర్‌స్లీ అనే ఆయన గార్డియన్ పత్రికలో రాస్తూ ఈ కొత్త సరుకుకి ఏ పేరు పెడదామని కొన్ని మాటలు గిలికాడు. అందులో ఒకటి నిలబడింది. ఆపిల్ వాళ్ల ఐపాడ్‌లోంచి పాడ్, మా మాటలోంచి కాస్ట్. మరుసటి ఏడాదే న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ డిక్షనరీ దాన్ని ఆ ఏటి మాటగా ఎంచింది. ఐపాడ్ పోయింది, పేరు మిగిలింది. అందులో బ్రాడ్ లేకపోవడం నాకు సబబుగానే తోస్తుంది, ఎవడికి నచ్చింది వాడు దింపుకుంటాడు కదా.

అమెరికావాళ్ల రాతల్లో ఒక ఇరుకు అర్థం తగులుతుంది, జాగ్రత్త. అక్కడ ‘బ్రాడ్‌కాస్ట్ నెట్‌వర్క్’ అంటే యాంటెనాతో ఉచితంగా పట్టుకోగలిగే ఛానెళ్లు. కేబుల్ ఛానెళ్లు దాని కిందకి రావు. ఇది ఉత్త మాటల తేడా కాదు. అసభ్యత మీద వాళ్ల ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలు గాలిలో వచ్చేవాటికి వర్తిస్తాయి, చందా కట్టి తెప్పించుకునే కేబుల్‌కి అలా వర్తించవు.

రిలే అంటే పునఃప్రసారం కాదు. పునఃప్రసారం అంటే ఒకసారి వేసినదాన్ని మరోసారి వేయడం, ఇంగ్లీషులో రిపీట్ లేదా రీబ్రాడ్‌కాస్ట్. రిలే అంటే ఇంకో కేంద్రం వేస్తున్నదాన్ని అదే సమయంలో పట్టి, మన ట్రాన్స్‌మిటర్ మీదుగా ముందుకి పంపడం. ఢిల్లీ వార్తలు మిగతా కేంద్రాల్లో అలాగే వచ్చేవి. మీ టేపు మీద రిలే అని ఉంటే, ఆ కార్యక్రమం అక్కడ తయారైనది కాదని అర్థం. ఎక్కడ తయారైందో మొదటి నిమిషంలో ప్రకటన ఉంటుంది, వినండి.

ఇక లైవ్. ముందు పలుకుబడి: ఇక్కడ లైవ్, ‘బతకడం’ అనే క్రియ అయితే లివ్. రాత ఒకటే. బ్రాడ్‌కాస్ట్‌ని కూడా బ్రోడ్ అనకండి. బోట్, కోట్, రోడ్‌లో ఉన్న ఆ రెండు అచ్చులే ఇందులోనూ ఉన్నా, బ్రాడ్, అబ్రాడ్‌లలో ఓ కాదు, ఆకీ ఓకీ మధ్య నోరు గుండ్రంగా తెరవాలి. నామవాచకమైనా క్రియైనా ఊనిక మొదటి ముక్క మీదే. కొత్త అనౌన్సర్లకి ఇది చెప్పీ చెప్పీ నా గొంతు అరిగింది.

మీ అట్టల మీది లైవ్‌కి రెండర్థాలు ఉండే వీలుంది. ‘బ్రాడ్‌కాస్ట్ లైవ్’ అంటే జరుగుతున్నప్పుడే గాలిలోకి వెళ్లింది. ‘రికార్డెడ్ లైవ్’ అంటే శ్రోతల ముందు, సభలో జరుగుతుండగా టేపు ఎక్కించారు, ఎప్పుడో తర్వాత వేశారు. కచేరీల టేపులు చాలావరకు రెండో రకం. రెండు తేదీలున్నాయంటే మీవీ అవే కావచ్చు, మొదటిది సభ తేదీ, రెండోది ప్రసారమైన తేదీ. ఇంకో రకం కూడా ఉంది. స్టూడియోలో ఎక్కడా ఆపకుండా, కత్తిరింపులు లేకుండా, అప్పుడే వెళ్తున్నట్టు ఒక్క ఊపులో రికార్డు చేసి పెట్టుకునేది. దాన్ని ‘యాజ్ లైవ్’ అంటారు. అట్ట మీద రాసేవాడు తొందరలో యాజ్ మింగేస్తాడు. చప్పట్లు, దగ్గులు వినపడితే సభ. నిశ్శబ్దంగా ఉండి ఒక్క అతుకూ దొరక్కపోతే యాజ్ లైవ్ అని అనుమానించండి.

కాబట్టి లైవ్ అనే మాట ఒక్కటే జాబితాలోకి ఎక్కించకండి. ‘రికార్డెడ్ లైవ్’ అని ఒక తేదీ, ‘ఫస్ట్ బ్రాడ్‌కాస్ట్’ అని ఇంకో తేదీ వేయండి. ఏది ఏదో తేలకపోతే అట్ట మీద ఉన్నది ఉన్నట్టు కొటేషన్‌లో ఎక్కించి వదిలేయండి.

చిలకపలుకు:

చప్పట్లున్న టేపులన్నీ పక్కన పెట్టి మళ్లీ వింటున్నాను. ఒకదాంట్లో చప్పట్లూ ఉన్నాయి, మధ్యలో అతుకూ ఉంది.

పాతమైకు:

సభలో ఎక్కించి, తర్వాత కత్తిరించినది. ‘రికార్డెడ్ లైవ్, ఎడిటెడ్ ఫర్ బ్రాడ్‌కాస్ట్’ అని రాయండి.